పిప్పి కేసులు

మా కోర్టు కాజ్ లిస్టులో ఐదు గళ్ళుండేవి. వరస నంబరు, కేసు నంబరు, పార్టీల పేర్లు, పిటిషనరు తరఫు వకీలు, ఎదటి పార్టీ తరఫు వకీలు. రోజూ సాయంత్రం మర్నాటి లిస్టు టైపు కొట్టి నోటీసు బోర్డుకి అంటించి ఇంటికెళ్ళేదాన్ని. చివరి రెండు గళ్ళలో ఎక్కడైనా వకీలు పేరు లేకపోతే అక్కడ పి.ఐ.పి. అని కొట్టాలి. పార్టీ ఇన్ పర్సన్. అంటే కక్షిదారే నిలబడి తన మాట తను చెప్పుకుంటాడని. మా అటెండరుకి ఆ చుక్కలతో పనిలేదు. "అమ్మగారూ, ఇవాళ పిప్పి కేసులెన్నండి?" అనేవాడు. పంచదార మిల్లు పొగగొట్టం కనబడే ఊరు మాది. పిప్పి అంటే ఏంటో అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మొదట్లో అతన్ని కోప్పడ్డాను. రెండేళ్ళు తిరక్కుండానే నేనూ ఆ మాటే వాడటం మొదలెట్టాను.

టైపు హయ్యరు పాసై 1986లో మేజిస్ట్రేటు కోర్టులో టైపిస్టుగా చేరాను. తర్వాత మాకు ఫ్యామిలీ కోర్టు వస్తే అందులో బెంచి గుమాస్తాగా వేశారు. అక్కడే శిరస్తాదారునై 2021లో రిటైరయ్యాను. ఇన్నేళ్ళూ చూసినదాంట్లో ఒక వింత ఉంది. ఫ్యామిలీ కోర్టు లిస్టులో వకీలు గడి ఖాళీగా ఉండాలనే చట్టం చేశారు. నిండితే అది మినహాయింపు. నా సర్వీసంతా ఆ లెక్క తలకిందులుగానే నడిచింది. గడి నిండినవాళ్ళు మర్యాదస్తులు, ఖాళీగా ఉన్నవాళ్ళు పిప్పి.

దీని మొదలు మా గోదావరి ఒడ్డునే ఉంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టారు. 1923 కాకినాడ కాంగ్రెస్‌లో ఖద్దరు ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే లోపలికి రానివ్వని పిల్ల ఆవిడే. ఈ ముచ్చట మా వైపు బడిపిల్లలకి కూడా తెలుసు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు, పెద్దయ్యాక ఆ పెళ్ళిలోంచి బయటికొచ్చారు. 1942లో మద్రాసులో లా పాసై అక్కడి బార్‌లో ప్రాక్టీసు పెట్టారు. రాజ్యాంగ సభలో కూర్చున్నారు. ఆవిడే 1953లో చైనా వెళ్ళి, అక్కడ కుటుంబ తగాదాలకి వేరే కోర్టులుండటం చూసి వచ్చారు. మనకీ అలాంటివి ఉండాలని బొంబాయి హైకోర్టులో ఉన్న చాగ్లాగారితో, గజేంద్రగడ్కర్‌గారితో మాట్లాడారు. నెహ్రూగారి చెవినా వేశారు. ఆ కోర్టు చట్టంగా వచ్చేసరికి ఇంకో 31 ఏళ్ళు పట్టింది. ఆవిడ 1981లోనే పోయారు.

ఈ మధ్యలో జరిగింది క్లుప్తంగా చెబుతాను. 1974లో లా కమిషన్ తన 59వ నివేదికలో, కుటుంబ వ్యవహారాల్ని మామూలు దావాల్లా లాగకూడదంది. ఆడవాళ్ళ స్థితిగతుల మీద వేసిన కమిటీ కూడా అదే ఏడాది ఫ్యామిలీ కోర్టులు కావాలని రాసింది. 1976లో సివిల్ ప్రొసీజర్ కోడ్‌ని సవరించి, 32-ఏ అని ఒక ఆర్డరు చేర్చారు. కోర్టులు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. మహిళా సంఘాలు ఒత్తిడి చేశాయి. 1984లో ఫ్యామిలీ కోర్టుల చట్టం వచ్చింది. పది లక్షల జనాభా దాటిన ప్రతి ఊళ్ళో పెట్టి తీరాలన్నారు, మిగతాచోట్ల ప్రభుత్వం ఇష్టం. మొట్టమొదట 1985లో జైపూర్‌లో పెట్టారు. ముంబయికి 1989లో వచ్చింది.

ఆ చట్టంలో 13వ సెక్షన్ నాలుగే నాలుగు లైన్లు. వేరే ఏ చట్టం ఏం చెప్పినా సరే, ఈ కోర్టులో వకీలుని పెట్టుకోవడం హక్కు కాదు. జడ్జిగారికి అవసరమనిపిస్తే న్యాయం తెలిసినవాణ్ణి సాయానికి పిలుచుకోవచ్చు. అంతే. గేటు దగ్గర టిక్కెట్టు అడిగిన పిల్ల గుర్తుకొస్తుంది నాకు, ఆ సెక్షన్ చదివినప్పుడల్లా. ఈసారి గేటు బయట ఆగాల్సింది నల్లకోటు. ఆ కోటు తొడుక్కుని బతికిన మనిషి అడిగిన కోర్టు కదా ఇది, ఆ ఆలోచన వెనక ఏదో అనుభవం ఉండకపోదు.

బార్‌లో దీనిమీద గుర్రు ఉంది. సహజమే. బొంబాయి హైకోర్టు 1990ల మొదట్లోనే ఈ సెక్షన్ రాజ్యాంగానికి విరుద్ధం కాదని తేల్చింది. అదే రోజుల్లో, చిక్కు కేసుల్లో వకీళ్ళని రానివ్వాలనీ అంది. ఆ రెండో మాటే కింది కోర్టులన్నీ పట్టుకున్నాయి. మా కోర్టు బయట స్టాంపు వెండరు వకాల్తా ఫారంతో పాటు ఇంకో అచ్చు కాగితం అమ్మేవాడు. '13వ సెక్షన్ కింద అడ్వకేటుని అనుమతించమని పిటిషన్'. చిక్కు ప్రశ్నలున్నాయి, పార్టీకి చట్టం తెలీదు అని అందులో ముందే అచ్చేసి ఉండేది. ఖాళీల్లో పేరు, కేసు నంబరు రాస్తే చాలు. నేను పనిచేసిన కాలంలో అలాంటి పిటిషన్ కొట్టేయడం నేను చూడలేదు. లోపలికి రాకూడదన్న మనిషి చిల్లర ఖర్చుతో, రెండు నిమిషాల్లో వచ్చేసేవాడు. తర్వాత 2011లో అడ్వకేట్ల చట్టంలో 30వ సెక్షన్ అమల్లోకొచ్చింది. 1961లో రాసిన సెక్షన్, యాభై ఏళ్ళు నిద్రపోయి లేచింది. ఏ కోర్టులోనైనా ప్రాక్టీసు చేసే హక్కు అడ్వకేటుకి ఉందంటుంది అది. ఆ తర్వాత మావాళ్ళు ఆ అచ్చు కాగితం కూడా ఒక్కోసారి అడగడం మానేశారు.

మరైతే వకీలు లేకుండా మిగిలిందెవరు?

అది తెలియాలంటే మేజిస్ట్రేటు కోర్టు రోజుల్లోకి పోవాలి. భరణం కేసులు అప్పుడు అక్కడ నడిచేవి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 125. ముసలి గుమాస్తాలు మాత్రం పాత కోడ్ అలవాటు కొద్దీ 'నాలుగెనభయ్యెనిమిది' అనేవారు. ఆ నెలసరి భరణానికి పైకప్పు ఉండేది. తెల్లవాళ్ళ కాలంలో 50 రూపాయలు, తర్వాత 100, 1955లో 500. ఆ 500 అలాగే కూర్చుంది, 2001లో చట్టం మార్చి ఎత్తేసేదాకా. 1955లో 500 అంటే ఒక సంసారం దర్జాగా గడిచే డబ్బు. నేను ఆర్డర్లు టైపు కొట్టే రోజుల్లో 500 అంటే బియ్యం బస్తాకీ పాలకీ చాలేది కాదు. అదీ పూర్తిగా ఎవరిస్తారు? భార్యకి 200, పిల్లకి 100 అని కొట్టిన ఆర్డర్లు నా చేతిమీదుగా ఎన్నో వెళ్ళాయి. నెలకి 300 వచ్చే కేసుకి ఏ వకీలు వస్తాడు, వస్తే ఏం తీసుకుంటాడు? అందుకే ఆ ఆడవాళ్ళు ఒంటరిగా వచ్చేవారు. 13వ సెక్షన్ చెప్పిందని కాదు. లెక్క కుదరక.

1987లో లీగల్ సర్వీసెస్ చట్టం చేశారు, అది 1995 నవంబరు 9న అమల్లోకొచ్చింది. ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్ళందరికీ ఉచితంగా వకీలు. ఈ సంగతి నేను ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. "ఊరికే వచ్చే లాయరా అమ్మగారూ? ఊరికే ఎందుకొస్తాడండి, ఆయన దగ్గర తీసుకుంటాడు" అనేవారు. ఆయన అంటే మొగుడు. కోర్టు గోడ మీద ఉచిత న్యాయ సహాయం బోర్డు ఉండేది. దాని కింద బెంచీ మీద కూర్చుని తెచ్చుకున్న అన్నం తినేవారు.

వకీలు లేకుండా వచ్చినవాళ్ళకి అడ్డం తగిలింది చట్టం కన్నా మా భాష. 'కౌంటర్ వేయండి' అని బెంచి మీంచి చెబితే ఒకాయన, రైసు మిల్లులో హమాలీ, నేరుగా వెళ్ళి డిపాజిట్లు కట్టే కిటికీ దగ్గర లైన్లో నిలబడ్డాడు. గంటన్నర. కిటికీ మీద కౌంటర్ అని రాసుంది మరి. కోర్టులో కౌంటర్ అంటే రాసిచ్చే జవాబని ఆయనకెలా తెలుస్తుంది, తప్పు ఆయనది కాదు. ఈలోగా కేసు పిలిచారు, ఆయన లేడు, ఆయన్ని వినకుండానే కేసు నడిచేలా ఎక్స్‌పార్టీ చేశారు. దాన్ని మళ్ళీ తెరిపించడానికి ఇంకో పిటిషన్, ఇంకో వాయిదా. బత్తా అన్నా అంతే. నోటీసు తీసుకెళ్ళే మనిషికి ప్రభుత్వం పేరున కట్టే రుసుము అది. ఒకావిడ బస్సులో చిల్లర కూడబెట్టి తెచ్చి, బత్తా అంటే ఉద్యోగికి చేతిలో పెట్టేదనుకుని అటెండరు జేబులో కుక్కబోయింది. 'రిటర్న్' అని కాగితం వెనక్కిస్తే కేసు కొట్టేశారనుకుని ఏడుస్తూ వెళ్ళిపోయినవాళ్ళున్నారు. రిటర్న్ అంటే ఫలానా తప్పు దిద్ది ఏడు రోజుల్లో మళ్ళీ తెమ్మని. దాన్ని తెలుగులో 'దిద్ది తేవాలి' అని రాస్తే ఎవరికేం నష్టం? ఒక ఏడాది నేను ఎర్రసిరాతో అలాగే రాశాను. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవారు అది పద్ధతి కాదన్నారు.

ఫ్యామిలీ కోర్టుల చట్టానికి ఈ ఇబ్బంది తెలుసు. సాక్ష్యం నిబంధనలు సడలించింది, వాంగ్మూలం అక్షరం అక్షరం కాకుండా సారం రాసుకుంటే చాలంది. అన్నిటికన్నా ముఖ్యంగా 10వ సెక్షన్‌లో, నిజం తేల్చడానికి కోర్టు తన పద్ధతి తనే పెట్టుకోవచ్చంది. వకీళ్ళని బయట పెట్టే చట్టం జడ్జిగారి చేతికి ఇంకో పనిముట్టు ఇవ్వాలి కదా, ఇచ్చింది. వాడినవాళ్ళు తక్కువ. ఒకసారి మాత్రం కళ్ళారా చూశాను.

పిప్పి కేసుల్లో రెండు రకాలు. డబ్బు లేక వచ్చేవాళ్ళు, నమ్మకం ఎక్కువై వచ్చేవాళ్ళు. రెండో రకంలో చదువుకున్న మగవాళ్ళు జాస్తి. ఒక కాలేజీ లెక్చరరు గారు విడాకుల కేసులో తన కేసు తనే వాదించుకుంటానని వచ్చారు. బైండు చేయించిన నోటుబుక్కులో భార్యని క్రాస్ చేయడానికి 112 ప్రశ్నలు నంబర్లేసి తెచ్చుకున్నారు. ఆవిడకీ వకీలు లేడు. బోనులో ఆవిడ, ఎదురుగా ఆయన. "సాక్షిగారూ, ఫలానా దసరాకి నేను మీకు చీర కొన్న మాట నిజమేనా?" అని మొదలెట్టారు. ఇంట్లో పదకొండేళ్ళు ఒసే అని పిలిచిన మనిషట. ఆవిడ నోరు విప్పలేదు. నాలుగో ప్రశ్న ఆవిడ పుట్టింటి గుణం గురించి. అయిదోది ఇక్కడ రాయను. ఆవిడ బోను కొయ్య పట్టుకున్న చెయ్యి తెల్లగా అయిపోయింది.

మా జడ్జిగారు, ఆడమనిషి, "ఆ పుస్తకం ఇటివ్వండి" అన్నారు. లెక్చరరు గారు అది తన హక్కన్నారు. "అడగొద్దనలేదండి. మీ తరఫున నేనడుగుతాను" అన్నారావిడ. పెన్సిలు తీసుకుని పుస్తకం మొదట్నుంచి చదివారు. కోర్టు హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పేజీ తిప్పినప్పుడల్లా కొన్ని కొట్టేశారు. మిగిలినవి పంతొమ్మిది. వాటిని మామూలు మాటల్లో, "ఏమ్మా, ఆ ఊరు వదిలి వచ్చేసినప్పుడు పిల్లాడు ఎక్కడున్నాడు?" అన్నట్టు, ఒక్కొక్కటీ అడిగారు. ఆవిడ అన్నిటికీ జవాబు చెప్పింది. రెండు జవాబులు మొగుడికే లాభం చేసేవి. అవీ దాచకుండా చెప్పింది. వాంగ్మూలం పేజీన్నర వచ్చింది. పాత పద్ధతిలో అయితే మూడు వాయిదాలు, పాతిక పేజీలు. తర్వాత లెక్చరరు గారి వాంగ్మూలం కూడా అలాగే తీశారు. ఆవిడకి నోటుబుక్కు లేదు కాబట్టి ఏం అడగాలో నోటితో చెప్పించుకుని మరీ.

ఆ జడ్జిగారు బదిలీ అయ్యారు. వచ్చినవారు, 'చీఫ్ అఫిడవిట్ వేయండి, క్రాస్ చేయండి' అన్నారు. ఆయన చెడ్డవారేం కాదు. ఇరవై ఏళ్ళు సివిల్ కోర్టులో ఆస్తి దావాలు చూసిన చేతికి వేరే పద్ధతి రాలేదు. 13వ సెక్షన్ వకీళ్ళ వల్ల దెబ్బతిందని అందరూ అంటారు. నేననుకోవడం, వకీలు లేకపోతే ఎలా మాట్లాడాలో కోర్టు నేర్చుకోలేదు.

ఇంకో సంగతి. మా జిల్లాల్లో ఇంటికొకరు బయటి దేశంలో ఉంటారు కాబట్టి, వకీలు కాని వకీలు ఒకడు పుట్టాడు. కొడుకు డల్లాస్‌లో, కేసు ఇక్కడ. తన తరఫున నడపమని కొడుకు రాసిచ్చిన జీపీఏ పట్టుకుని తండ్రి వస్తాడు. కోడలి మీద మావగారి సాక్ష్యం. "మా వాడికి సెలవు లేదండి" అని ప్రతి వాయిదాకీ అదే పాట. రాజీకి కూర్చోబెట్టి ఇద్దరితో మాట్లాడటం ఈ కోర్టు మొదటి పని అని 9వ సెక్షన్ చెబుతుంది. ఇద్దరిలో ఒకరు పద్నాలుగు వేల కిలోమీటర్ల అవతల ఉంటే ఎవరితో మాట్లాడాలి? దగ్గరున్నవాళ్ళకీ దూరమే. 2017లో జబల్‌పూర్‌లో మొగుడు వేసిన కేసుని హైదరాబాద్‌కి మార్చమని ఒకావిడ అడిగితే, సుప్రీంకోర్టు వీడియోలో నడపొచ్చు కదా అంది. అదే ఏడాది అక్టోబరులో ముగ్గురు జడ్జీల బెంచి, ఇద్దరి మాట మీద, కాదంది. ముందు ఎదురెదురుగా కూర్చోబెట్టి రాజీ ప్రయత్నం చేయాలి, అది కుదరకపోతే, ఇద్దరూ ఒప్పుకుంటేనే వీడియో అంది. ఎదురుగా కూర్చోబెట్టడమే ఈ కోర్టు ప్రాణం అని ఆ తీర్పు అర్థం చేసుకుంది. మంచిదే. ఆ కూర్చోవడానికి పిప్పి కేసు మనిషి ఒక కూలిరోజు పోగొట్టుకుంటుంది. వకీలున్నవాళ్ళు చాలా వాయిదాలకి రారు, వకీలు లేచి నిలబడతాడు. లేనివాళ్ళు ప్రతి వాయిదాకీ ఉండాలి. మూడుసార్లు పిలిచినా పలక్కపోతే ఫైలు మూసేస్తారు.

నా సర్వీసు చివర 2020 నవంబరులో సుప్రీంకోర్టు, భరణం కేసుల్లో ఇద్దరూ ఆస్తులూ అప్పులూ రాసి అఫిడవిట్ ఇవ్వాలంది. జీతం దాచే మొగుళ్ళ మీద చాలా అవసరమైన మాట. వ్యవసాయదారులకి వేరే నమూనా కూడా ఇచ్చారు. కానీ ఆ ఫారం పేజీలు పేజీలు. మ్యూచువల్ ఫండ్ల దాకా అడుగుతారు. పాచిపని చేసుకునే ఒకావిడ నా బల్ల ముందు కూర్చుని ఒక్కో వరసకీ 'లేదు' అని చెబుతూ పోయింది. నేను రాస్తూ పోయాను. గుమాస్తా పార్టీకి కాగితం నింపిపెట్టకూడదు. అది నాకు తెలుసు.

అలా చేయకూడని పని ఇంకోటి చేశాను, చాలా ముందే. 2003 జనవరిలో ఒకావిడకి భరణం ఆర్డరు వచ్చింది. రెండేళ్ళ కొడుకు చంకలో. మొగుడు పైసా ఇవ్వలేదు. ఆవిడ ఇస్తాడులే అని ఆగి ఆగి 2004 మార్చిలో వచ్చింది, పద్నాలుగు నెలల బకాయి రాబట్టమని. సెక్షన్ 125లో ఒక మెలిక ఉండేది. బకాయి పడ్డ తేదీ నుంచి ఏడాదిలోగా అడక్కపోతే వారంటు పుట్టదు. మొదటి రెండు నెలలూ పోయాయి. "ఇస్తానన్నాడు కదమ్మా, అందుకని ఆగాను. ఆగినందుకు తీసేస్తారా?" అంది. నా దగ్గర జవాబు లేదు. వకీలుంటే చెప్పేవాడు. తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను: ప్రతి ఏడూ ఉగాది ముందు రావాలి. చదువు రాదేమో అనుకుని చదివి వినిపించాను. "వచ్చమ్మా, అయిదు దాకా చదివాను" అంది.

ఆ ఏడాది నుంచి ఏటా వేపపూత వచ్చేవేళకి వచ్చేది. పిటిషన్ పెట్టేది, బత్తా కట్టేది, వారంటు తీసుకునేది. పోలీసులు అతన్ని తెచ్చినప్పుడల్లా ఎంతో కొంత కట్టేవాడు. రెండుసార్లు భరణం పెంచమని కూడా అడిగి పెంచుకుంది. ఆఖరికి ఆవిడకి 2,500, పిల్లాడికి 1,500. వకీలుని ఎప్పుడూ పెట్టుకోలేదు. మా అటెండరు రిటైరై కొత్తవాడొచ్చినా, "ఉగాది అమ్మగారు వచ్చారండి" అని నాకు కబురు చెప్పేవాడు.

2019 మార్చి ఆఖరి వారంలో కొడుకుని వెంటబెట్టుకుని వచ్చింది. పాలిటెక్నిక్ చదువుతున్నాడట. పిటిషన్ వాడే రాశాడు, తెలుగులో, రూళ్ళ కాగితం మీద. నంబరు వేసేముందు లెక్క సరిచూడటం నా పని. తల్లి వాటా పన్నెండు నెలలు, 30,000. కొడుకు వాటా దగ్గర ఆగాను. ఏడు నెలలే వేశాడు, 10,500. మొత్తం 40,500. తప్పనుకుని ఆర్డరు కాపీలో పుట్టినతేదీ చూశాను. నవంబరు మొదటి వారంలో వాడికి పద్దెనిమిది నిండాయి. మైనారిటీ తీరిన నెల నుంచి తన వాటా తనే తీసేసుకున్నాడు. ఎవరు చెప్పారని అడిగాను. "ఆర్డర్‌లో ఉంది కదండి" అన్నాడు.

లెక్కలో తప్పు లేదు. నంబరు వేసి, సాయంత్రం లిస్టులో వాళ్ళ వరస దగ్గర వకీలు గడిలో పి.ఐ.పి. అని కొట్టాను.